సాయంత్రం ఐదింటికి ఆ బస్సులు పక్కకు తీయించండి

తిరుపతి జిల్లాలోని రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు నమస్కారం.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. చంద్రగిరి, పాకాల, పుత్తూరు వైపు పల్లెల్లో నా దగ్గర ఖోఖో, కబడ్డీ, టెన్నికాయిట్ నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లలను తెచ్చి మీ హాస్టళ్లలో చేర్పిస్తున్నారు. కొత్త విద్యా సంవత్సరానికి మీరు టైంటేబుల్ వేసుకునే లోపే ఈ ఉత్తరం మీకు అందాలని రాస్తున్నాను. అడగబోయేది ఒక్కటే. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా, వెలుతురు ఉండగానే, మీ దగ్గరున్న ప్రతి బిడ్డనూ ఆడుకోనివ్వండి. ఆదివారం పరీక్ష అయిపోయాక మిగిలిన అరగంట ఇస్తే సరిపోదు. రోజూ ఇవ్వాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

మా తమ్ముడికి పాకాల దగ్గర నాలుగెకరాల మామిడి తోట ఉంది. తోతాపురి కాయను గుజ్జు ఫ్యాక్టరీకి తోలి, వచ్చిన డబ్బుకు కొంత అప్పు కలిపి, కొడుకును తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్చాడు. చేర్చమని చెప్పింది నేనే. పదో తరగతి దాకా వాడు ఊళ్లో వాలీబాల్ ఆడేవాడు. పొడుగు తక్కువ కాబట్టి నెట్టు మీద కొట్టేవాడు కాదు, కొట్టేవాళ్లకు బంతి ఎత్తి ఇచ్చేవాడు. ఎంత బాగా ఎత్తేవాడంటే, ఆదివారం పూట పక్క ఊరి టీములు కూడా వచ్చి వాణ్ని అడిగి తీసుకుపోయేవి.

మొదటి సంవత్సరం దసరాకు నాలుగు రోజులు సెలవిస్తే ఇంటికి వచ్చాడు. నేనూ ఊళ్లోనే ఉన్నాను. సాయంత్రం పిల్లలు బంతి పట్టుకుని గడప దాకా వచ్చి పిలిచారు. "మీరు ఆడుకోండిరా" అని లోపలికి పోయి పడుకున్నాడు. నేను పక్కన కూర్చుని "ఏం నాయనా, ఒంట్లో బాగలేదా?" అంటే, "ఆడితే ఏమొస్తాది అత్తా" అన్నాడు. నిద్ర చాలక అలసిపోయుంటాడులే అనుకున్నాను. పిల్లలు నడిచి వచ్చే తీరు చూసి ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో చెప్పగలిగే మనిషిని నేను. మా వాడు నోరు తెరిచి చెప్పిన మాటను వదిలేశాను.

అప్పటికి వాడి మార్కులు తగ్గలేదు. వారం వారం పెట్టే పరీక్షల్లో ర్యాంకు అలాగే ఉంది. కాలేజీ నుంచి ఫోనుకు వచ్చే మెసేజీలు చూసి మా తమ్ముడు సంతోషపడుతూనే ఉన్నాడు. మార్కులు పడిపోవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాత వాడు అన్నం మానేశాడని, రాత్రంతా మంచం మీద కూర్చునే ఉంటున్నాడని వార్డెను ఫోన్ చేశాడు. ఆట మాత్రం దసరాకు ముందే ఆగిపోయింది.

డిప్రెషన్‌ను గుర్తించడానికి వైద్యులు ముందు చూసేవి రెండు. కనీసం రెండు వారాల పాటు దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు మనసు దిగులుగా ఉండడం ఒకటి. అంతకుముందు ఇష్టంగా చేసినవాటి మీద ఆసక్తి చచ్చిపోవడం రెండోది. ఈ రెంటిలో ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడిపోవడం దానికి తోడవుతాయి. మొదటిదాన్ని పిల్లలు దాచుకోగలరు. రెండోది మీ క్యాంపస్‌లో ఎక్కడ కనిపిస్తుందో ఆలోచించండి. స్టడీ అవర్‌లో పుస్తకం ముందు కూర్చున్న పిల్లవాడు చదువుతున్నాడో, ఊరికే కూర్చున్నాడో ఏ ఫ్లోర్ ఇన్‌చార్జికీ తెలియదు. ఆటస్థలంలో అయితే, నిన్నటిదాకా ఎగిరి దూకినవాడు ఇవాళ గోడకు ఆనుకుని నిలబడితే, విజిల్ పట్టుకున్న మనిషికి రెండు మూడు రోజుల్లో తెలిసిపోతుంది. అక్కడ రోజూ ఆట జరుగుతుంటేనే ఆడనివాడు కనిపిస్తాడు.

మా వాడు చదివిన చోట గ్రౌండు ఉంది. చేరేటప్పుడు ఇచ్చిన రంగుల పుస్తకంలో దాని ఫొటో కూడా ఉంది. వాణ్ని తీసుకురావడానికి పోయినప్పుడు చూస్తే దాన్నిండా కాలేజీ బస్సులు నిలబెట్టి ఉన్నాయి. పిల్లలు ఎక్కడ ఆడతారని అడిగాను. "పేరెంట్సే ఆటలు వద్దంటారు మేడమ్" అన్నారు. ఆ మాటలో నిజం ఉంది కాబట్టే నాకు ఎక్కువ బాధేసింది.

వాడు కోలుకున్నాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు మందులు రాశారు. అక్కడి కౌన్సెలరమ్మ ఒక నోటుబుక్కు ఇచ్చి, రేపు చేయబోయే చిన్న పని ఒకటి ఇవాళే రాసుకోమంది. మొదటి వారం 'దూడకు నీళ్లు పెట్టాలి' అని రాశాడు. తర్వాత 'తోట దాకా నడవాలి' అని. చేయాలనిపించినా, అనిపించకపోయినా రాసుకున్నది చేయడమే నియమం. నెలన్నరకు 'వాలీబాల్ దగ్గర కూర్చోవాలి' అని రాశాడు. పోయి కూర్చుని పాయింట్లు లెక్కపెట్టాడు. ఇంకో నెలకు బంతి ముట్టుకున్నాడు. ఆ సాయంత్రం మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, వాడు నవ్వినాడు" అన్నాడు. ఆ పైన మాట్లాడలేకపోయాడు.

ఆ నోటుబుక్కు ఆ కౌన్సెలరమ్మ సొంత చిట్కా అనుకున్నాను. తర్వాత చదివి తెలుసుకున్నాను, దానికి బిహేవియరల్ యాక్టివేషన్ అని పేరుందట. దిగులు తగ్గే దాకా కాచుకుని కూర్చోకుండా, ఇష్టమైనవాటిని, అర్థమున్నవాటిని కొద్దికొద్దిగా మళ్లీ చేయిస్తే దిగులే సడలుతుందనేది ఆ పద్ధతి. దీన్ని మన దేశంలోనే, గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్షించి చూశారు. విక్రమ్ పటేల్ బృందం చేసిన ఆ అధ్యయనం 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మానసిక వైద్యంలో ఏ డిగ్రీ లేని స్థానికులకే శిక్షణ ఇచ్చి, వాళ్ల చేత డిప్రెషన్ తీవ్రంగా ఉన్న పెద్దవాళ్లతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. మూడు నెలలకు ఈ సాయం అందినవాళ్లలో నూటికి 64 మంది డిప్రెషన్ నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లలో 39 మంది బయటపడ్డారు. అది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం, జబ్బు వచ్చాక చేసిన పని. నేను మిమ్మల్ని అడుగుతున్నది జబ్బు రాకముందు సంగతి. కానీ రెండు చోట్లా పనిచేస్తున్నది ఒకటే అని నా నమ్మకం. మనిషికి ఇష్టమైన పని మనిషిని పట్టి నిలబెడుతుంది.

సంతోషానికి అంత బలం ఎక్కడిదని మీలో సైన్సు లెక్చరర్లు అడుగుతారు. అడగాలి కూడా. అమెరికాలో బార్బరా ఫ్రెడ్రిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1998లో ఇదే ప్రశ్న వేశారు. భయం ఎందుకుందో తెలుసు, పారిపోవడానికి. కోపం ఎందుకుందో తెలుసు, ఎదురు తిరగడానికి. మరి సంతోషం ఎందుకు? ఆమె చెప్పిన జవాబు నాకు గ్రౌండులో రోజూ కనిపించినదే. భయపడ్డ మనసు ఇరుకవుతుంది, దానికి ఒకే దారి కనిపిస్తుంది. సంతోషంగా ఉన్న మనసు విప్పారుతుంది. కొత్త ఆట కట్టాలనిపిస్తుంది, తెలియనివాడితో మాట కలపాలనిపిస్తుంది, ఇంకోలా చేసి చూద్దామనిపిస్తుంది. అలా విప్పారినప్పుడు దొరికిన స్నేహం, నేర్చుకున్న నేర్పు, ఒంటికి పట్టిన సత్తువ ఆ సంతోషం పోయాక కూడా మనిషి దగ్గరే ఉండిపోతాయి. కష్టం వచ్చిన రోజు ఖర్చు పెట్టుకునేది వాటినే. మన సీమలో పుట్టినవాళ్లకు ఇది చెరువు లెక్క. వాన కురిసేది ఒక రాత్రి. చెరువులో నిలిచిన నీళ్లు పంట చేతికొచ్చే దాకా పారతాయి. వాన వెలిసిపోయింది కదా అని దాన్ని ఎవరూ వృథా అనరు.

ఆమె బృందం ఇంకో చిన్న పరీక్ష చేసింది. విద్యార్థులను పిలిచి, నిమిషం టైమిచ్చి, ఉపన్యాసానికి సిద్ధం కమ్మన్నారు. గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. అప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో రకం చిన్న వీడియో చూపించారు. ఆడుకునే కుక్కపిల్లనో, సముద్రపు అలలనో చూసినవాళ్ల గుండె తొందరగా మామూలు స్థితికి వచ్చింది. విచారమైన దృశ్యం చూసినవాళ్లకు ఎక్కువసేపు పట్టింది. మీ హాస్టల్లో ప్రతి ఆదివారం పరీక్ష ఉంటుంది, సోమవారం మార్కులు గోడకెక్కుతాయి. ఆ గుండెలు వారంలో ఎప్పుడు నెమ్మదిస్తాయో ఒకసారి లెక్క వేయండి.

ఇక్కడే ఒక మాట. మంచి భావాలు చెడ్డ భావాల కంటే ఇన్ని రెట్లు ఉంటే చాలని ఒక లెక్క చాలా ఏళ్లు ప్రచారంలో ఉండింది. దాని వెనక గణితం తప్పని 2013లో తేలింది, దాన్ని వెనక్కి తీసుకున్నారు. కాబట్టి మీరు ఆనందానికి ఒక పీరియడ్ పెట్టి, పిల్లల చేత నవ్వులు లెక్కపెట్టించి, దానికో గ్రాఫు గీయించవద్దని మనవి. నేను అడిగేది ఆట గంట మాత్రమే. అందులో ఎవరికి ఏం దొరుకుతుందో వాళ్లకే వదిలేయండి.

పుత్తూరు వైపు ఒక బడిలో పనిచేసేటప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయికి తల్లి పోయింది. కర్మలన్నీ అయ్యాక మళ్లీ బడికి వచ్చింది. గేమ్స్ పీరియడ్‌లో వేపచెట్టు కింద ఒక్కతే కూర్చునేది. పిల్లలు ఎవరూ ఓదార్చలేదు. వాళ్లకు ఓదార్చడం రాదు. ఒకరోజు ఖోఖోకు ఒకరు తక్కువయ్యారని వచ్చి, "ఊరికే వరసలో కూర్చోవే, పరిగెత్తొద్దులే" అన్నారు. కూర్చుంది. రెండు మూడు రోజులకు వీపు మీద చెయ్యేసి "ఖో" అంటే లేవకుండా ఉండలేకపోయింది. ఆ పరుగులో ఒకరినొకరు ఢీకొని ముగ్గురు కింద పడ్డారు. పడి అందరూ నవ్వారు, తనూ నవ్వింది. నవ్వి, చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది. తప్పు చేసినదానిలా చూసింది. దగ్గరికి పోయి, "నవ్వితే అమ్మను మరిచిపోయినట్టు కాదమ్మా" అన్నాను. అప్పుడు ఏడ్చింది. తల్లి పోయాక బడిలో అది ఏడవడం అదే మొదటిసారి. కళ్లు తుడుచుకుని మళ్లీ వరసలోకి పోయి కూర్చుంది.

ఆ చూపు నాకు చాలా ఏళ్లకు అర్థమైంది. 2001 సెప్టెంబరులో న్యూయార్క్ మీద దాడులు జరగడానికి కొన్ని నెలల ముందు, ఫ్రెడ్రిక్సన్ బృందం మిషిగన్ విశ్వవిద్యాలయంలో కొద్దిమంది విద్యార్థుల మనోనిబ్బరాన్ని కొలిచి ఉంచింది. దాడుల తర్వాత వాళ్లనే మళ్లీ పిలిచి అడిగింది. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. నిబ్బరం ఉన్నవాళ్లు బాధపడనివాళ్లు కారు. అందరిలాగే భయపడ్డారు, కోపం తెచ్చుకున్నారు, దుఃఖించారు. తేడా ఒక్కటే. ఆ దుఃఖం మధ్యలోనే వాళ్లకు కృతజ్ఞత, ప్రేమ, చుట్టూ జరిగేదాని మీద ఆసక్తి కూడా కలిగాయి. వాళ్లు డిప్రెషన్‌లోకి జారిపోకుండా కాచింది ఆ భావాలేనని పరిశోధకులు తేల్చారు. దుఃఖం పోయాక సంతోషం వస్తుందని మనం పిల్లలకు చెబుతాం. రెండూ ఒకేసారి ఉండొచ్చని చెప్పం. "ర్యాంకు వచ్చాక ఆడుకుందువులే" అనే మాటలోనూ అదే పొరపాటు ఉంది. ఆ ర్యాంకు వచ్చే దాకా రెండేళ్లు బిడ్డ దేన్ని పట్టుకుని నిలబడాలి?

ఆట పిల్లల అల్లరి అనుకునేవాళ్లకు యాక్ పాంక్‌సెప్ అనే నాడీ శాస్త్రవేత్త పని గురించి చెప్పాలి. ఎలుక పిల్లలకు చక్కిలిగింతలు పెడితే అవి 50 కిలోహెర్ట్జ్ శబ్దంతో కిచకిచలాడతాయని ఆయన కనిపెట్టారు. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు కాబట్టి ఆ సంతోషం అప్పటిదాకా ఎవరికీ వినపడలేదు. పుట్టగానే ఎలుకకు మెదడు పై పొర తీసేసినా ఆట పోలేదు. అంటే ఆడాలనే కోరిక ఆకలి, భయాల సరసన, మెదడు లోతుల్లో ఉంది. ఆయన గమనించిన ఇంకో సంగతి మీరు వినాలి. రెండు ఎలుక పిల్లలు కుస్తీ పట్టేటప్పుడు బలమైనది ఎప్పుడూ తానే గెలుస్తుంటే, కొన్నాళ్లకు బలహీనమైనది ఆటకు పిలవడమే మానేస్తుంది. అప్పుడప్పుడూ దానికీ గెలుపు దొరికితేనే ఆట సాగుతుంది.

మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టి, పై బ్యాచ్‌కు మంచి లెక్చరర్లనూ, కింది బ్యాచ్‌కు అదనపు స్టడీ అవర్లనూ ఇచ్చే చోట, ఎప్పుడూ ఓడేవాడికి గెలిచే చోటు ఒక్కటి కూడా ఉండదు. అలాంటి పిల్లవాడు ఆటస్థలంలో దొర కావచ్చు. ఫిజిక్స్‌లో చివర ఉన్నవాడు క్యారమ్ బోర్డు ముందు కూర్చుంటే, మొదటి ర్యాంకువాడు పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. ఆ పది నిమిషాలు ఇద్దరికీ అవసరమే. పైగా ఆటలో ఓటమి చిన్నది, త్వరగా పోతుంది. ఖోఖోలో ఔటైన పిల్ల బయటకు వచ్చి, ఊపిరి తీసుకుని, తన వంతు రాగానే మళ్లీ లోపలికి పోతుంది. ఒక్క సాయంత్రంలో పదిసార్లు ఓడి, పదిసార్లు లేస్తుంది. ఏడాదంతా అలా ఓడి లేచిన ఒంటికి లేవడం అలవాటై ఉంటుంది. ఓడి లేవడం రెండేళ్లలో ఒక్కసారి కూడా నేర్పకుండా పెంచి, నీట్ ఫలితం రోజున పెద్ద ఓటమిని వాళ్ల చేతిలో పెడితే ఎలా పట్టుకుంటారు?

అందుకే నా విన్నపంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. మార్కులు తగ్గినవాళ్లకు గేమ్స్ కట్ చేసే శిక్షను ఆపేయండి. నేను చూసిన క్యాంపస్‌లలో ఈ శిక్ష మామూలైపోయింది. మందు ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే ఆపేయడం అది. అన్నం కట్ చేయరు కదా. దీన్నీ అలాగే చూడండి.

ఆడపిల్లల హాస్టళ్ల గురించి విడిగా రాయకుండా ఉండలేను. మగపిల్లలకు ఇచ్చే ఆదివారపు అరగంట కూడా వాళ్లకు దొరకదు. గేటు దాటనివ్వరు, గ్రౌండుకు పంపరు, ఎవరైనా చూస్తారంటారు. పదో తరగతి దాకా నా దగ్గర జిల్లా స్థాయిలో కబడ్డీ ఆడిన పిల్లలు ఇంటర్‌లో చేరాక రెండేళ్ల పాటు ఒక్కసారి కూడా పరిగెత్తలేదని వచ్చి చెప్పారు. పరిగెత్తకపోవడం అంటే ఏమిటో ఒకమ్మాయి చెప్పిన మాట రాస్తాను. "టీచర్, నా ఊపిరి శబ్దం నేను విని రెండేళ్లయింది." వాళ్లకు ప్రహరీ ఉన్న చోటు చాలు. పిట్టగోడ ఎత్తుగా ఉన్న మేడ చాలు. టెన్నికాయిట్ కోర్టుకు 12.2 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు కావాలి, అంతే. ఒక రబ్బరు రింగు, ఒక నెట్టు. తాళ్లాట, తొక్కుడుబిళ్ల, ఏడుపెంకులు, అచ్చనగాయలకు కోర్టు కూడా అక్కర్లేదు. పట్టుమని పది వందలు ఖర్చు కాదు. ఆ పూట వాళ్లను వాళ్ల మానాన వదిలేసే ఒక మహిళా పీఈటీ ఉంటే చాలు.

స్థలం లేదనే మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. కబడ్డీకి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు సరిపోతుంది. మీ మెస్సు హాలు అంతకంటే పెద్దది. ఊళ్లో శ్రీనివాస క్రీడా సముదాయం ఉంది, తారకరామ స్టేడియం ఉంది, ఇందిరా మైదానం ఉంది. నాలుగైదు కాలేజీలు కలిసి వంతులవారీగా వాడుకుంటామని నగరపాలక సంస్థను, విశ్వవిద్యాలయాన్ని అడగవచ్చు. మీరు సంతకం పెట్టండి, ఆ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ నేను తిరుగుతాను.

టైము పోతుందనే మాటకు వస్తాను. ఐదింటి నుంచి ఆరింటి దాకా మీ పిల్లలు నిజంగా చదువుతున్నారా? తెల్లవారుజామున లేచి, రాత్రి పదిన్నర దాకా కూర్చునే పిల్లలకు ఆ వేళకు పుస్తకంలో అక్షరాలు కనిపిస్తాయి, అర్థం కనిపించదు. ఐదు నుంచి పదిహేడేళ్ల వయసు వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు కదిలే ఆట, వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ విద్యార్థులు ఆ వయసు వాళ్లే. వ్యాయామం డిప్రెషన్‌ను ఎంత తగ్గిస్తుందో చూసిన 218 ప్రయోగాలను ఒకచోట చేర్చి 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. నడక, పరుగు, యోగా, బరువులెత్తడం అన్నీ చెప్పుకోదగ్గ మేలు చేశాయి.

చట్టం సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, కాబట్టి క్లుప్తంగా రాస్తాను. బడికి ఆటస్థలం ఉండాలన్న విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. కానీ 18 ఏళ్లలోపు ప్రతి బిడ్డకూ విశ్రాంతి, ఆట హక్కు అని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణానికి మన దేశం 1992లోనే ఒప్పుకుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం సాధ్యమైనంత వరకు మానాలని, ఆటలు, కళలకు ప్రాధాన్యం ఇవ్వాలని అందులో ఉంది. మన రాష్ట్రంలో పోయిన బిడ్డ ప్రాణం మీద వచ్చిన తీర్పు అది. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఏ ఒక్క మరణానికీ ఒకటే కారణం ఉండదు. ఆట ఉంటే వాళ్లంతా బతికేవాళ్లని నేను అనడం లేదు.

ఆట వైద్యానికి బదులు కాదు. బాగా ఆడే పిల్లలకూ, బాగా నవ్వే పిల్లలకూ డిప్రెషన్ వస్తుంది. ఆడనని కూర్చున్న బిడ్డను రెక్క పట్టుకుని కోర్టులోకి లాగితే మేలు కంటే కీడే ఎక్కువ. నేను చెప్పే పద్ధతి ఇది. మీ పీఈటీ దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండాలి. వారం రోజులుగా ఆటకు రానివాళ్లు, వచ్చి పక్కన నిలబడిపోతున్నవాళ్లు అందులో ఉండాలి. ఆ పేర్లు నోటీసు బోర్డు ఎక్కకూడదు, తల్లిదండ్రులకు ఫిర్యాదుగా పోకూడదు. పీఈటీ వెళ్లి పక్కన కూర్చోవాలి. మాట్లాడాలి. అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి, అక్కడినుంచి డాక్టరు దగ్గరికి తోడుగా పోవాలి. మనసు బాగలేనివాళ్లకు ఫోనులో సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 మీ హాస్టల్లో ప్రతి అంతస్తులో రాసి ఉంచండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఫోను దాచిపెట్టిన హాస్టల్లో ఆ నంబరుకు చేయడానికి పిల్లలకు ఒక ఫోను కూడా ఉంచాలి.

తల్లిదండ్రులారా, ఈ ఉత్తరం మీరూ చదువుతారని తెలుసు. ఆటలు పెడితే పిల్లలను చేర్చరని కాలేజీలవాళ్లు అంటున్నది మన గురించే. మా తమ్ముడి కొడుకును చేర్చేటప్పుడు నేను హాస్టల్ గది చూశాను, మెస్సు చూశాను, పోయినేడాది ర్యాంకులు అడిగాను. సాయంత్రం వాడు ఏం చేస్తాడని అడగలేదు. ఈసారి చేర్చేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగండి. పదిమంది అడిగితే రంగుల పుస్తకంలోని గ్రౌండు నిజమవుతుంది.

మన ఊరికి ఆట కొత్త కాదు. ఏటా మే నెలలో గంగమ్మ జాతర చాటింపు వేశాక వారం రోజులు ఈ ఊరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఉద్యోగస్తులు, వ్యాపారులు ఒంటికి సుద్ద, కుంకుమ, బొగ్గు పూసుకుని వీధిలోకి వస్తారు. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని తల్లి దగ్గరికి పోతారు. ఎవరిని ఎవరు తిట్టినా ఆ పూట తప్పు లేదు. ఏడాదంతా మోసిన బరువు వారం రోజులు దించుకోవడానికి ఈ ఊరి పెద్దలు తమకు తాము ఇచ్చుకున్న సెలవు అది, భక్తితో ఇచ్చుకున్నది. మా చిన్నప్పుడు మా నాయన చెయ్యి పట్టుకుని బండ వేషం వేసుకుని తిరిగాను. ఆ కుంకుమ వాసన ఇప్పటికీ గుర్తుంది. వేసవి క్లాసుల పేరుతో హాస్టళ్లలో ఉన్న పిల్లలకు ఆ వారం డప్పుల శబ్దం కిటికీలోంచి వినపడుతుంది, అంతే. వచ్చే జాతరకు కనీసం ఒక పూట వాళ్లను వాళ్ల ఇళ్లకు పంపండి, లేదా మీ లెక్చరర్లతో తాతయ్యగుంట గంగమ్మ గుడికి పంపండి.

చివరగా, నేను అడగడమే కాదు, చేస్తాను కూడా. మీలో ఏ కాలేజీవారు సరేనన్నా మొదటి నెల రోజులూ నేనే వస్తాను. జీతం వద్దు, ఆటో ఖర్చు కూడా వద్దు. రెండు తాళ్లు, ఆరు టెన్నికాయిట్ రింగులు, ఒక వాలీబాల్ నా దగ్గరే ఉన్నాయి. ఆ వాలీబాల్ మా మేనల్లుడిది. డిగ్రీకి తిరుపతికే వచ్చాడు, సాయంత్రాలు ఖాళీగా ఉంటానని, నాతో పాటు వచ్చి మీ పిల్లలకు బంతి ఎత్తి ఇస్తానని అన్నాడు. మీరు చేయాల్సింది ఒక్కటే. ఐదింటికి పది నిమిషాల ముందు డ్రైవర్లకు చెప్పి గ్రౌండులోంచి ఆ బస్సులు పక్కకు తీయించండి.

ఇట్లు,
పదవీ విరమణ చేసిన ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
తిరుపతి